మూసేది ఎవురని అడిగే మనిషి

శ్రావణ మాసం, రెండో గురువారం. ఉదయం పదిన్నర. కడప, వరద హెచ్చరిక గది. హాజరు: నేను, ప్రోగ్రాం రాసే షరీఫ్, అటెండరు సుబ్బన్న, కర్నూలు నుంచి వచ్చిన రివ్యూ మేడం. కొండల మీద మబ్బు. వాగులో నీళ్లు లేవు.

ఇది నా డైరీలో ఒక పేజీ మొదలు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఇదే పద్ధతిలో రాస్తున్నాను: ముందు తేదీ, తర్వాత ఎవరెవరున్నారు, తర్వాత ఆకాశం. రిటైరయ్యాక హాజరులో నేనూ మా ఆవిడా తప్ప ఎవరూ ఉండటం లేదు గానీ పద్ధతి మార్చలేదు. ఆ పేజీలో మిగతా ఇద్దరికీ పేర్లున్నాయి, ఆమెకు లేదు. ఆమే వద్దంది. మొదటిసారి నేను పేరడిగి పెన్ను తీయగానే పుస్తకం మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"నా పేరు రాయొద్దండి సార్. రేపు ఏమన్నా అయితే ముందు పేరు వెదుకుతారు. తప్పు యాడుండాదో ఆ తర్వాత వెదుకుతారు."

పోయిన వారం షరీఫ్ ఫోన్ చేశాడు. "సార్, మన మేడం పోయింది" అన్నాడు. ఫోను పెట్టేసి బీరువాలోంచి ఆ ఏటి డైరీ తీశాను. ఇప్పుడూ ఆమె పేరు రాయను.

మా గది పని చిన్నది. కొండల్లో పుట్టి పెన్నలో కలిసే ఒక వాగు మీద, కల్వర్టు దగ్గర, నిలువు పైపులో ఒక తేలే డబ్బా ఉంటుంది. నీళ్లొస్తే డబ్బా లేస్తుంది. ఎంత లేచిందో పావుగంటకోసారి మా గదిలోని కంప్యూటరుకు తెలుస్తుంది. ప్రమాదానికి గుర్తుగా పెట్టిన ఎర్రగీత దాటితే కంప్యూటరు వాగు ఒడ్డున ఉన్న పల్లెలో సైరన్ మోగించాలి. సైరన్ విని జనం మిట్ట మీది బడికి ఎక్కాలి. ఆ పల్లె సుబ్బన్నది. భార్య లక్ష్మమ్మ, మనవరాలు అక్కడే ఉండేవాళ్లు. వాళ్ల ఇల్లు వరసలో చివరిది, వాగుకు అన్నింటికన్నా దగ్గరిది.

ఆ కంప్యూటరు ప్రోగ్రాంలో ఎవరు ఏ మార్పు చేసినా ఆమె చదివి సంతకం పెడితే గానీ అది మిషన్‌లోకి ఎక్కదు. ఆలూరు ప్రాంతం మనిషి, మాటలో కన్నడ యాస తగిలేది. నలభై అయిదేళ్లుంటాయి. పొద్దున బస్సుకు కర్నూలు నుంచి దిగేది. దిగిన తర్వాత, బస్సు కదిలేదాకా నిలబడి, తాను కూర్చున్న సీటును కిటికీలోంచి చూసేది. ఏదైనా మరిచిపోయావా అమ్మా అంటే, "మరిచిపోల్యా సార్. మరిచిపోల్యా అని చూసుకుంటాండా" అనేది.

ఆమెకు అన్నీ భయమే. ఒకసారి మా ఇంటికి భోజనానికి వచ్చి, చేతులు కడుక్కున్నాక కొళాయి ఎంత బిగించిందంటే సాయంత్రం దాన్ని విప్పడానికి నాకు గుడ్డ కావలసి వచ్చింది. వంటింట్లో గ్యాసు మీట దగ్గర మూడుసార్లు వంగి చూసింది. మా ఆవిడ నవ్వి, "ఏం కాదులేమ్మా" అంది. ఆమె ముఖం పాలిపోయింది. బయటికి వచ్చాక నాతో మెల్లగా, "ఆ మాటంటేనే నాకు భయం సార్" అంది.

ఒక ఆదివారం ఆఫీసు వాళ్లందరం వ్యానులో గండికోట పోయాం. అందరూ లోయ అంచున నిలబడి ఫోటోలు తీసుకుంటుంటే ఆమె వ్యాను తలుపు దగ్గర నుంచి కదల్లేదు. మేం దిగేటప్పుడు లెక్కపెట్టింది. ఎక్కేటప్పుడు లెక్కపెట్టింది. ఒకరు తక్కువ వచ్చారు. ఆమె గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది, అలాంటిది నేనింకెప్పుడూ వినలేదు. షరీఫ్ కోటలోని మసీదు వెనకాల నుంచి మొక్కజొన్న కంకి కొరుక్కుంటూ వచ్చాడు. ఆమె వెళ్లి అతన్ని పట్టుకుంది. వ్యాను కడప చేరేదాకా అతని చొక్కా చేతిని వదల్లేదు. "మేడం, చొక్కా చినిగితే కొనియ్యల్ల మీరే" అని వాడు, "చినగనీ" అని ఆమె.

రివ్యూ చేసే తీరు కూడా అంతే. తెర మీద చదవదు. మార్పులన్నీ కాగితాల మీద అచ్చు తీయించి, బల్ల మీద పరిచి, పక్కన ఒక గిన్నెడు వేయించిన శెనక్కాయలు పెట్టుకుంటుంది. ప్రోగ్రాం ఎక్కడ ఏది తెరిచినా ఎడమవైపు ఒక కాయ. ఎక్కడ దాన్ని మూసినా కుడివైపు ఒక కాయ. చదవడం అయ్యేదాకా ఒక్కటి కూడా నోట్లో వేసుకోదు, మమ్మల్నీ వేసుకోనివ్వదు. "తెరిచింది ఎవురు? మూసేది ఎవురు?" ఈ రెండే ప్రశ్నలు. కాగితం కాగితానికీ ఇవే.

ఆ గురువారం రివ్యూ ఎందుకు జరిగిందో చెప్పాలి.

మా గది నేల మొదట్లో కడప బండలు. ప్రతి శుక్రవారం పొద్దున సుబ్బన్న కంప్యూటరు ఆపి, ప్లగ్గులన్నీ పీకి బల్ల మీదికి ఎత్తి, బిందెలతో నీళ్లు పోసి నేల కడిగేవాడు. ఆరిన తర్వాత పసుపు కుంకుమ, అగరవత్తి. తర్వాత ప్లగ్గులు గుచ్చి కంప్యూటరు పెట్టేవాడు. ఎవరు చెప్పిందీ కాదు, నేను రాకముందు నుంచి ఉన్న ఆచారం. ఆషాఢంలో ఎవరో పెద్ద ఆఫీసరు వచ్చి చూసి, బండలు పీకించి టైల్స్ వేయించారు. టైల్స్‌కు బిందెలు అక్కర్లేదు, తడిగుడ్డ చాలు. ప్లగ్గులు పీకడం ఆగిపోయింది. పన్నెండో రోజున తెర బిగుసుకుపోయింది. తెర మీది గడియారం కూడా కదల్లేదు.

షరీఫ్ రెండు రోజులు కూర్చుని కారణం పట్టుకున్నాడు. నాకు అర్థం కాకపోతే ఆమే ఫోనులో చెప్పింది. "పెండ్లికి షామియానా అంగడి నుంచి గంగాళాలు తెచ్చుకుంటాం గదా సార్? వంట అయినాక తిరిగి ఇయ్యల్ల. మన ప్రోగ్రాం కూడా రీడింగు పెట్టుకునేదానికి మిషన్‌లో పావుగంటకొక గంగాళం తెస్తాండాది, ఒక్కటీ తిరిగి ఇయ్యల్యా. అంగట్లో గంగాళాలు అయిపోయినాయి. ఇన్నేండ్లూ శుక్రవారం సుబ్బన్న ప్లగ్గు పీకినప్పుడంతా అన్నీ ఒకేసారి వాపసు పోతాండె."

షరీఫ్ రెండు పనులు చేశాడు. తెచ్చిన ప్రతి గంగాళం తిరిగి ఇచ్చేటట్టు సరిచేశాడు. శుభ్రం చేసే పనులకు పాతవాళ్లు క్లీనప్ ఒకటి, క్లీనప్ రెండు, క్లీనప్ మూడు అని పెట్టిన పేర్లు తీసేసి, ఏ పని చేస్తుందో ఆ పేరే పెట్టాడు.

ఆ కాగితాలే గురువారం బల్ల మీద ఉన్నాయి. పదిన్నరకు మొదలుపెట్టి ఒంటిగంటకు చివరి కాగితం తిప్పింది. ఎడమ కాయలు, కుడి కాయలు సరిగ్గా సరిపోయాయి.

"అల్హమ్‌దులిల్లా" అన్నాడు షరీఫ్. "ఇంగ తిందామా మేడం? సుబ్బన్న గంట నుంచి కాయల్నే చూస్తాండాడు."

"నేను చూసేది కాయల్ని కాదప్పా, మబ్బును" అన్నాడు సుబ్బన్న కిటికీ దగ్గర నుంచి.

ఆమె పెన్ను తీయలేదు. నాలుగో కాగితం మళ్లీ ముందుకు లాక్కుంది. అందులో క్లీనప్ రెండు అనే పాత పేరు కొట్టేసి ఉంది. దాని కింద షరీఫ్ పెట్టిన కొత్త పేరు పొడుగ్గా ఉంది. తెలుగులో చెప్పాలంటే, "రీడింగులు వదిలి, సైరన్ లైను మూసేది."

"షరీఫ్ భాయ్, ఇది ఎప్పుడు నడుస్తాది?"

"దినామూ సాయంత్రం ఆరుకు మేడం. దినం ముగింపు పని."

"సైరన్ లైను మూస్తాది అని రాసినావు."

"అదే చేస్తాది మరి. పేరు మార్చినా గానీ పని మార్చల్యా."

"మూసేది సరే. తెరిచేది ఎవురు?"

షరీఫ్ కాగితాలు తిప్పాడు. "మొదట్లో... కంప్యూటరు పెట్టినప్పుడు ఒకసారి తెరుస్తాది. చూడండి, మీరు ఎడమపక్క కాయ పెట్టినారు గదా."

"ఒక కాయ పెట్టినా. కంప్యూటరు పెడతాండింది వారానికొకసారి. మూసేది దినామూ." ఆమె కుడివైపు నుంచి ఆ కాయ చేతిలోకి తీసుకుంది. "సుబ్బన్నా, శుక్రవారం కడిగి మిషన్ పెడితే మీ పల్లెలో ఏమవుతాండె?"

"ఏమవుతాదమ్మా, సైరన్ ఒకసారి కుయ్యిమంటాది. ఆడోళ్లు దాన్ని ఇని, ఇంగ శుక్రవారం తలకాయ నీళ్లు పోసుకోవల్ల అంటాండ్రి."

"మళ్ల శుక్రవారం దాకా?"

"ఏం లేదు. దానికి పనేముండాది? వాగు పారి ఎన్నేండ్లాయ."

అప్పుడు నాకు అర్థమైంది. శుక్రవారం పొద్దున లైను తెరుచుకునేది. ఆ సాయంత్రం ఆరుకు మూసుకుపోయేది. మిగతా ఆరు రోజులూ పల్లెకూ మా గదికీ మధ్య ఏమీ ఉండేది కాదు. టైల్స్ వేశాక ఆ ఒక్క పూట కూడా లేదు. లైను టెలిఫోను మీద నడిచిన పాతకాలంలో సాయంత్రం మూసి పొద్దున తెరవడానికి ఒక మనిషి ఉండేవాడని విన్నాను. ఆ పోస్టు తీసేశారు. మూయడం మాత్రం ప్రోగ్రాంలో ఉండిపోయింది.

"నెలనెలా పరీక్ష చేస్తాం గదమ్మా" అన్నాను. "ప్రతిసారీ మోగింది."

"ఏ దినం చేస్తారు సార్?"

శుక్రవారమే చేసేవాళ్లం. గది కడిగి అగరవత్తి వెలిగించాక, మంచి పని మంచి వేళ చేయాలని.

షరీఫ్ తెర మీద పరీక్ష మీట నొక్కాడు. పచ్చగా "పంపడమైనది" అని వచ్చింది. సుబ్బన్న ఫోను తీసి లక్ష్మమ్మకు చేశాడు. స్పీకరులో ఆమె గొంతు వినపడింది.

"ఏమయ్యా, ఈ పొద్దుకే చేసినావు?"

"సైరన్ ఇనపడిందా?"

"యాడి సైరను? ఏం ఇనపల్లేదు. మబ్బు పట్టింది, బట్టలు తీస్తాండా. పెట్టేయ్."

బల్ల సొరుగులో నా లాగ్‌బుక్ ఉంది. తీసి తెరవాలనిపించలేదు గానీ తెరిచాను. దినం దినం, నా చేతిరాతతో, ఒకే సైజు అక్షరాలతో: సైరన్ సరిగా ఉంది. సైరన్ సరిగా ఉంది. తెర మీద పచ్చచుక్క చూసి రాసేవాణ్ని. ఒక్కరోజు కూడా మరిచిపోలేదు. నా జీవితంలో నేను రాసిన అబద్ధాలన్నీ ఒకేచోట వరసగా కనపడ్డాయి. ఆమె పక్క నుంచి ఆ పేజీ చూసింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఏమన్నా అని ఉంటే కొంత తేలిగ్గా ఉండేది.

బయట ఉరిమింది. షరీఫ్ కుర్చీలో ముందుకు జరిగాడు. "మేడం, ప్రోగ్రాంలో ఆ ఒక్క వరస తీసేస్తే చాలు. లైను మూయదు. మీరు సంతకం పెట్టండి, పది నిమిషాల్లో ఎక్కిస్తా."

"పెట్టను."

"వాన వస్తాండాది మేడం!"

"అందుకే పెట్టను. ఆ వరస తీస్తే ఇంగేం ఆగుతాదో నాకు తెల్దు, నీకూ తెల్దు. గంగాళంలో అన్నం ఉండంగానే వాపసు ఇచ్చేస్తే ఏమవుతాది? వాన నెత్తిన పెట్టుకొని ఊర్లోవాళ్ల మీద పరీక్ష చేయొద్దు." తర్వాత సుబ్బన్న వైపు తిరిగింది. "నువ్వు ఇంటికి పో సుబ్బన్నా. ఇప్పుడే పో. ఈ రాత్రికి అందరినీ బడికి ఎక్కించు. మిషన్‌ను నమ్మొద్దు, నన్ను కూడా నమ్మొద్దు."

"ఎగతాళి చేస్తారమ్మా. ఎండిన వాగును చూసి పారిపోతాండారా అంటారు."

"చేయనీ. ఎగతాళి చేసేదానికి మనుషులుండల్ల గదా."

సుబ్బన్న మోటారు సైకిలు తీసుకుని వెళ్లాడు. అతను మూల తిరిగేదాకా ఆమె గుమ్మంలో నిలబడింది.

ఆరుకు ఎటూ లైను మూసేస్తుంది గనుక ఆ పని అయ్యేదాకా ఆగాం. ఆరూ పదికి షరీఫ్ కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టాడు. బడి నుంచి సుబ్బన్న ఫోను చేసి, కుయ్యిమన్నదని చెప్పాడు. మర్నాడు సాయంత్రం ఆరు దాకా లైను తెరిచే ఉంటుంది. రాత్రికి ఆమె కడపలోనే చుట్టాలింటికి వెళ్లింది. వెళ్లేముందు, నేను అడగకుండానే అంది: "సార్, నేను భయపడేది నాకు తెలివి ఉండాదని కాదు. నాకు భయం తప్ప ఏం రాదు."

శుక్రవారం పొద్దున ఏడుకు నేను వెళ్లేసరికి ఆమె తాళం వేసిన గది ముందు మెట్టు మీద కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. రాత్రి వాన కొండల అవతలే పడింది. వాగులో ఇసుక తడిసింది, అంతే; తెల్లారాక జనం బడి దిగి ఇళ్లకు పోయారు. ఆ సంగతి చెబితే ఆమెకు ఊరట కలగలేదు. మబ్బు ఇంకా అక్కడే ఉంది.

షరీఫ్ వచ్చాడు. లైను మూసే వరస తీసేసి అతను సవరించిన కాగితాలు ఆమె గంటసేపు చదివింది. కొత్త ప్రోగ్రాం పరీక్ష వరకే అని చెప్పి మిషన్‌లో పెట్టించింది. అయినా రివ్యూ కాగితం కింద సంతకం చోటు ఖాళీగానే ఉంచింది.

"మొదట సాయంత్రం చేయి షరీఫ్ భాయ్."

అతనికి వెంటనే అందింది. ఆరు గంటలకు నడవాల్సిన దినం ముగింపు పనిని అప్పుడే చేత్తో నడిపించాడు. పోయిన ఏళ్లన్నీ ఆ పని తర్వాతే సైరన్ చచ్చిపోయేది. ఇప్పుడు బతికి ఉందో లేదో తెలియాలి.

"పరీక్ష మీట నొక్కనా?"

"మీట వద్దు. వాగు చెప్పల్ల."

సుబ్బన్న కల్వర్టు దగ్గర ఉన్నాడు. పైపు మూత తీసి, డబ్బాకు కట్టిన తాడు పట్టుకుని ఎర్రగీత పైదాకా లాగమని ఆమె ఫోనులో చెప్పింది. ఇది పరీక్షేనని పల్లెలో ఇంటింటికీ ముందే చెప్పి రమ్మంది. రెండోసారి కూడా చెప్పించింది. షరీఫ్ ఫోనులో సుబ్బన్న, నా ఫోనులో ఇంటి దగ్గర లక్ష్మమ్మ. రెండూ బల్ల మీద పెట్టాం.

తర్వాతి రీడింగుకు పదకొండు నిమిషాలుంది.

"చెయ్యి గుంజుతాండాదప్పా" అన్నాడు సుబ్బన్న.

"ఇంకో చెయ్యి దేవుడియ్యల్యా నీకు?" అన్నాడు షరీఫ్. నవ్వబోయి ఆపుకున్నాడు.

ఆమె బల్ల అంచు పట్టుకుని తెర వైపు చూస్తోంది. ఆమె పెదవులు కదులుతున్నాయి. జపం అనుకున్నాను. దగ్గరికి వంగితే, ఒడ్డున ఇళ్లలో ఉండే మనుషుల్ని లెక్కపెడుతోంది. సుబ్బన్న ముందురోజు ఎప్పుడో చెప్పిన పేర్లు, వరసగా, చివరి ఇంటిదాకా.

రీడింగు వచ్చింది. అంకె ఒక్కసారిగా పైకి ఎగిరింది. తెర ఎర్రబడింది. సైరన్ ఇంకా వినపడలేదు. ఫోనులో లక్ష్మమ్మ ఎవరితోనో గుమ్మడికాయ గురించి మాట్లాడుతోంది. ఒకటి, రెండు, మూడు అని నాలో నేను లెక్కపెట్టుకున్నాను. ఏడు దాకా వచ్చాను. షరీఫ్ కళ్లు మూసుకున్నాడు.

అప్పుడు నా ఫోనులోంచి వచ్చింది. ముందు సన్నగా, ఎక్కడో దూరాన బండి వస్తున్నట్టు, తర్వాత ఫోను పగిలిపోతుందేమో అన్నంత గట్టిగా. ఇదంతా పరీక్షేనని రెండుసార్లు చెప్పినా లక్ష్మమ్మ కేకపెట్టింది. పిల్లలు ఏడుస్తున్నారు, కుక్కలు మొరుగుతున్నాయి, కాళ్లు పరుగెత్తుతున్నాయి.

"సార్! చాలు సార్! ఆపమనండి, పాప బెదిరిపోయింది! అందరూ బడికి ఉరుకుతాండారు!"

షరీఫ్ చెయ్యి మీట మీదికి పోయింది. ఆమె ఆ చేతిని పట్టుకుంది. రెండో చేత్తో నా ఫోను తీసి చెవికి ఆనించుకుంది. ముఖం నిండా చెమట. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"చివరి ఇల్లు ఎక్కిందా అమ్మా?" అంది ఫోనులో.

అటు నుంచి ఏమన్నారో నాకు వినపడలేదు. ఆమె తల ఊపింది. షరీఫ్ మళ్లీ మీట వైపు చూశాడు.

"ఉండు షరీఫ్ భాయ్," అంది ఆమె, "ఇంకొంచెంసేపు మోగనీ."